సైకిల్ మీద పోయేటప్పుడు కంటికి అద్దం తప్పనిసరా? పవర్ కళ్లద్దాలు ఉంటే చాలవా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మిర్యాలగూడ పక్క ఊరి నుంచి రైస్ మిల్లులో లెక్కలు రాసే పనికి రోజూ 9 కిలోమీటర్లు సైకిల్ మీద పోయి, రాత్రి ఏడున్నర దాటాక తిరిగి వస్తున్నారు. దారిలో దుమ్ము, ఊక, పురుగులు కళ్లలో పడుతున్నాయి. మీకు దూరపు చూపుకు మైనస్ 1.5 పవర్ ఉన్నా, అద్దాలు చెమటకు జారుతున్నాయని సైకిల్ ఎక్కగానే తీసి జేబులో పెట్టుకుంటున్నారు. కూలింగ్ గ్లాసులు కొందామంటే మిల్లులో తోటివాళ్లు 'హీరో అయినవా' అని నవ్వుతారేమోనన్నది మీ సందేహం. ఎనిమిదో తరగతి చదివే మీ అమ్మాయి కూడా సైకిల్ మీదే బడికి పోతుంది కనుక ఆమెకూ అవసరమా అని అడిగారు.

ఇద్దరికీ అవసరమే. అయితే మీకు కావలసింది నల్ల అద్దం కాదు, రంగు లేని అద్దం. మీ పవర్‌తోనే చేయించిన పాలికార్బనేట్ (సులభంగా పగలని ఒక రకం ప్లాస్టిక్) అద్దాలు, కనుబొమ నుంచి బుగ్గ దాకా కప్పే కొంచెం పెద్ద ఫ్రేములో, పక్కల నుంచి కూడా గాలి నేరుగా దూరకుండా ఉండాలి. అది చేయించేదాకా ఇప్పుడున్న పవర్ అద్దాలనే పెట్టుకుని తొక్కండి. జేబులో పెట్టుకోవడం వల్ల మీరు రెండు విధాల నష్టపోతున్నారు. కంటికి అడ్డు పోయింది, దూరాన ఉన్న గుంత ఆలస్యంగా కనబడుతోంది.

నేను నల్లగొండలో 22 ఏళ్లుగా కంటి పరీక్షలు చేసి అద్దాలు రాసే పనిలో ఉన్నాను. ఆప్టోమెట్రిస్టును, డాక్టర్‌ను కాను. కాబట్టి మందుల విషయంలో నేను చెప్పేది హెచ్చరికగా తీసుకోండి, చికిత్సగా కాదు. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్ నుంచి క్లినిక్‌కు 12 ఏళ్లుగా సైకిల్ మీదే వస్తున్నాను కనుక ఈ ప్రశ్నకు కుర్చీకి ఇటువైపు నుంచే కాక అటువైపు నుంచి కూడా జవాబు చెప్పగలను.

చాలామంది 'సైకిల్ ఏమంత వేగంగా పోతుంది, మోటార్ సైకిల్‌కైతే కావాలి గానీ' అంటారు. లెక్క వేసి చూద్దాం. గంటకు 18 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 5 మీటర్లు. ఏదో వస్తోందని గ్రహించి రెప్ప మూసుకోవడానికి సుమారు సెకనులో పదో వంతు పడుతుంది. ఆ లోపల మీరు అర మీటరు ముందుకు పోయి ఉంటారు. ఆవగింజంత పురుగు అర మీటరు దూరంలో, అదీ మసక వెలుతురులో, ఎవరి కంటికీ ఆనదు. రెప్ప మూసుకునే సరికే అది లోపల ఉంటుంది, పైగా మూసిన రెప్ప దాన్ని బయటికి పోనివ్వదు. ఎదురుగా లారీ వస్తే దాని గాలి విసిరే ఇసుక వేగం మీ వేగానికి తోడవుతుంది. కంటి నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర మందం సుమారు అర మిల్లీమీటరు. దాని పైతొక్క అందులో పదో వంతు మాత్రమే. అదృష్టం ఏమిటంటే ఆ పైతొక్క గీరుకుపోతే మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల్లో తిరిగి కమ్ముకుంటుంది. అయితే గీరింది ఏమిటన్నది ముఖ్యం, మన ప్రాంతంలో మరీ ముఖ్యం.

ఎందుకంటే మన రోడ్ల మీద ఎగిరేది ఉత్త మట్టి కాదు. వానాకాలం పంట కోతలైన అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా, మళ్లీ యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో, నల్లగొండ నుంచి తిప్పర్తి మీదుగా మిర్యాలగూడ దాకా రోడ్డు అంచుల వెంట వడ్లు ఆరబోసి ఉంటాయి. మహిళా సంఘాలు నడిపే ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రాల దగ్గర తూర్పారబడుతుంటారు. తాలు, గడ్డి పరకలు, వడ్ల నూగు గాలిలో తేలుతూ ఉంటాయి. మీ మిర్యాలగూడ పరిసరాల్లో ఏడాది పొడవునా మిల్లుల ఊక, బాయిలర్ల నుంచి వచ్చే ఊక బూడిద అదనం. ఇవన్నీ మొక్కల నుంచి వచ్చినవే. మొక్కల మీద, మట్టిలో ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి బూజులు సహజంగానే ఉంటాయి. గడ్డి పరక గీరిన చోట ఆ బూజు నాటుకుంటే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. దక్షిణ భారతదేశంలో నల్లగుడ్డు పుండ్లలో బూజు వల్ల వచ్చేవాటి వాటా చాలా ఎక్కువ, వాటికి ముందు జరిగే గాయం తరచుగా ఇలాంటి ఆకో, పరకో, పొట్టో తగలడమే.

నా కుర్చీలో కూర్చున్నవారిలో నేను మరిచిపోలేని మనిషి ఒకాయన ఉన్నాడు. నలభై ఏళ్లు ఉంటాయి. వడ్ల కేంద్రం దగ్గర హమాలీ పని చేసి సైకిల్ మీద ఇంటికి పోతుంటే కంట్లో తాలు ముక్క పడింది. ఇంట్లో ఎవరో దాన్ని నాలుకతో తీశారు. మంట తగ్గకపోయేసరికి ఒక మందుల దుకాణంలో అడిగి చుక్కలు తెచ్చుకున్నాడు. 'రెండు రోజులు మంచిగనే ఉండె సార్, ఎరుపు గూడ పోయింది' అన్నాడు. అందులో స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ ఎరుపును, నొప్పిని అణచివేస్తుంది, అదే సమయంలో కంటి సొంత రక్షణను కూడా అణచివేస్తుంది కనుక లోపల బూజు అడ్డు లేకుండా పాకుతుంది. నా దగ్గరకు ఎనిమిదో రోజు వచ్చాడు. అంచులు ఈకల్లా పాకిన తెల్లని మచ్చ నల్లగుడ్డు నడుమ కనబడింది. ఆ రోజే హైదరాబాద్ పంపించాను. బూజుకు వాడే నాటామైసిన్ చుక్కలను మొదట్లో గంట గంటకు వేస్తూ రెండు నెలలకు పైగా చికిత్స నడిచింది. పుండు మానింది గానీ, మన ఊళ్లలో 'పువ్వు పడింది' అంటామే, ఆ తెల్లమచ్చ చూపుకు అడ్డంగా మిగిలింది. ఆ మనిషి కంటికి నూరు, నూటయాభై రూపాయల అద్దం ఉండి ఉంటే ఇంత కథ ఉండేది కాదు.

ఇక ముళ్లకంప. మీరు లారీకి దారి ఇవ్వడానికి రోడ్డు దిగినప్పుడల్లా సర్కారు తుమ్మ కొమ్మల్లోకి పోతున్నారని గుర్తుంచుకోండి. వానలు పడ్డాక ఆ కొమ్మలు రోడ్డు మీదికి వంగుతాయి, సరిగ్గా సైకిల్ తొక్కేవాడి ముఖం ఎత్తులో. ఏడేళ్ల కిందట పానగల్ దారిలో ఇసుక ట్రాక్టర్‌కు పక్కకు జరిగినప్పుడు ఒక కొమ్మ నా కుడి అద్దాన్ని గీసుకుంటూ పోయింది. అద్దం మీద అంగుళం పొడవు గీత పడింది, కంటికి ఏమీ కాలేదు. ఆ అద్దాన్ని పారేయకుండా మేజా సొరుగులో ఉంచాను. 'సైకిల్‌కు అద్దాలెందుకు' అనేవారికి మాటలకు బదులు దాన్ని చూపిస్తాను.

పురుగుల సంగతి మీకు చెప్పనవసరం లేదు. సాగర్ ఎడమ కాలువ కింద వరి ఉన్న ఊళ్లలో కోతల ముందు సాయంత్రం దీపాల చుట్టూ పచ్చదోమ, సుడిదోమ ఎలా కమ్ముకుంటాయో మీరు రోజూ చూసేదే. తొలకరికి ఉసిళ్లు. మా పక్క ఉదయ సముద్రం చెరువు కట్ట మీద పొద్దుగూకే వేళ సన్న పురుగులు స్తంభంలా లేచి ఆడుతుంటాయి, అందులో నుంచే పోవాలి. వీటిలో ఎక్కువ భాగం కంటికి చిరాకు తప్ప హాని చేయవు. ఒక్క దాని విషయంలో జాగ్రత్త అవసరం. చీమలా సన్నగా, నారింజ ఎరుపు, నలుపు పట్టీలతో ఉండే చిన్న పురుగు ఒకటి వానాకాలంలో పొలాల నుంచి దీపాలకు వస్తుంది. అది కుట్టదు, కానీ నలిపితే దాని ఒంట్లోని రసం చర్మాన్ని కాలుస్తుంది. రెప్ప మీద వాలినదాన్ని అరచేత్తో రుద్దేస్తే మర్నాటికి రెప్ప వాచి బొబ్బలెక్కుతుంది. దాన్ని ఊదేయాలి, రుద్దకూడదు.

పవర్ అద్దాలు సరిపోతాయా? ఏమీ లేనిదానికంటే ఎంతో నయం, కానీ మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది అద్దం పదార్థం. పాత కాలపు గాజు అద్దాలైతే సైకిల్ మీద వద్దే వద్దు; పడితే ముక్కలు కంటిలోకే పోతాయి. దుకాణాల్లో మామూలుగా ఇచ్చే ప్లాస్టిక్ అద్దం గాజు కంటే మంచిదే, కానీ గట్టి దెబ్బకు అది కూడా పగులుతుంది. పాలికార్బనేట్ దెబ్బకు వంగుతుంది తప్ప సులభంగా పగలదు. మోటార్ సైకిల్ హెల్మెట్ ముందు అద్దాలకు వాడేది ఇదే. ట్రైవెక్స్ అనే మరో రకం కూడా అంతే గట్టిది, చూపు మరికొంత స్వచ్ఛంగా ఉంటుంది, ధర ఎక్కువ. మీ మైనస్ 1.5కు పాలికార్బనేట్ చాలు.

రెండోది ఫ్రేము. ఇప్పుడు ఫ్యాషన్‌గా వస్తున్న చిన్న గుండ్రని ఫ్రేముల కింద నుంచి, పక్కల నుంచి గాలి తిన్నగా కంటికి కొడుతుంది. ముఖానికి కాస్త చుట్టుకున్నట్టు వంగిన ఫ్రేము తీసుకోండి. పవర్ నాలుగు దాటినవారికి మరీ వంపు ఫ్రేములో అంచుల దగ్గర దృశ్యం వంకరగా కనబడుతుంది కనుక వారు మామూలు అద్దాల మీద తొడుక్కునే పెద్ద రక్షణ అద్దాలు వాడటం మేలు. మీకు ఆ ఇబ్బంది రాదు.

మూడోది, నలభై దాటినవారి విషయం. మీ వయసు మీరు చెప్పలేదు గానీ చదివే అద్దాలతో సైకిల్ తొక్కే పెద్దమనుషులు మన దగ్గర చాలామంది ఉన్నారు. 2018 ఆగస్టు 15న మొదలైన ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం 'కంటి వెలుగు'లో, మళ్లీ 2023లో జరిగిన రెండో విడతలో ఎంతోమందికి దగ్గరి చూపు అద్దాలు అందాయి. అవి పుస్తకం చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి. వాటితో రోడ్డు చూస్తే మసకే. రిటైరైన ఒక పంతులుగారు 'సర్కారు అద్దాలు పెట్టుకున్నా స్పీడ్ బ్రేకర్ కనబడలేదు' అని మోచేయి చీరుకుని వచ్చారు. అద్దాలలో తప్పేమీ లేదు, వాడిన చోటు తప్పు. పైన దూరానికి, కింద దగ్గరికి ఉండే బైఫోకల్‌తోనూ ఇదే చిక్కు. ముందు చక్రం దగ్గరి గుంత సరిగ్గా కింది ముక్కలో నుంచి కనబడి మసకగా ఉంటుంది. సైకిల్‌కు దూరపు పవర్ ఒక్కటే ఉన్న జత వేరుగా పెట్టుకోవడం నయం.

రంగు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఎండ నుంచి కంటిని కాపాడేది నలుపు కాదు, అతినీలలోహిత కిరణాలను ఆపే గుణం. రంగు లేని పాలికార్బనేట్ అద్దం ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది. 'యూవీ 400' అని రాసి ఉంటే 400 నానోమీటర్ల లోపు కిరణాలన్నిటినీ ఆపుతుందని అర్థం. ఆ గుణం లేని చవక నల్ల అద్దం పెట్టుకుంటే చీకటికి కనుపాప విప్పుకుంటుంది గానీ కిరణాలు మాత్రం ఆగవు. ఏళ్ల తరబడి ఎండలో, దుమ్ములో తిరిగేవారికి ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదికి కండ పెరగడం మనం చూస్తూనే ఉంటాం. దానికి ఎండ ఒక ముఖ్య కారణం. కాబట్టి ఎండాకాలం పగటిపూట ప్రయాణానికి నల్ల అద్దం మంచిదే, హాయిగానూ ఉంటుంది. కానీ మామూలు నల్ల అద్దం కంటికి పంపే వెలుతురు 8 నుంచి 18 శాతమే. మీరు రాత్రి ఏడున్నరకు తిరిగి వస్తారు. పొద్దుగూకాక నల్ల అద్దం పెట్టుకోవడం కంటే ఏమీ పెట్టుకోకపోవడం మేలు. రెండేళ్ల కిందట ఇంటర్ చదివే ఒక కుర్రవాడు నల్ల అద్దాలతోనే చీకటి పడ్డాక వస్తూ, వెనక ఎర్ర దీపం లేకుండా ఆగి ఉన్న గడ్డి ట్రాక్టర్‌కు గుద్దుకున్నాడు. కంటికి ఏమీ కాలేదు, రెండు పళ్లు పోయాయి.

ఎండకు నల్లబడి నీడకు తెల్లబడే ఫొటోక్రోమిక్ అద్దాల గురించి తప్పకుండా దుకాణంలో చెబుతారు. బాగా పనిచేస్తాయి, కానీ వేడి ఎక్కువయ్యే కొద్దీ అవి తక్కువగా నల్లబడతాయి; మనకు మే నెలలో 44 డిగ్రీలు దాటినప్పుడు, అంటే అవసరం ఎక్కువ ఉన్నప్పుడే, సగం మనసుతో పనిచేస్తాయి. తెల్లబడటానికి కూడా కొన్ని నిమిషాలు పడుతుంది. డబ్బుకు వెనకాడనివారు తీసుకోవచ్చు, నేను తీసుకోలేదు. రాత్రి ప్రయాణానికని అమ్మే పసుపు అద్దాలు మాత్రం వద్దు. లైట్ల వెలుగు మెత్తబడినట్టు అనిపిస్తుంది గానీ ఏ రంగైనా కంటికి చేరే వెలుతురును తగ్గించేదే. దానికి బదులు రంగు లేని అద్దానికి ప్రతిఫలనాన్ని తగ్గించే కోటింగ్ వేయించుకోండి, ఎదురు లైట్ల మెరుపు అద్దం మీద ఆడకుండా ఉంటుంది. పోలరైజ్డ్ అద్దాలు మెరుపును బాగా కోస్తాయి, కానీ తడి రోడ్డు మీద నీటి పొరనో, ఆయిల్ మరకనో చూపించేది ఆ మెరుపే కనుక సైకిల్‌కు నాకు నచ్చవు.

చెమటకు జారడం నిజమైన ఇబ్బందే. దానికి అద్దాలు తీసేయడం మందు కాదు. నుదుటికి ఒక దస్తీ మడిచి కట్టుకోండి, చెమట కనుబొమ దాటదు. దుకాణంలో కాడల చివర్లు చెవి వెనక ఒంపుకు సరిగా వంచమనండి. ఐదు నిమిషాల పని, డబ్బు అడగరు. అప్పటికీ జారితే వెనక నుంచి తాడు కట్టుకోవడమే. చలికాలం పొద్దున ఆవిరి పడుతుంటే అద్దానికి, బుగ్గకు మధ్య వేలి మందానికి మించని చిన్న సందు ఉండనివ్వండి, కదులుతున్నంతసేపూ గాలి ఆడి ఆవిరి పోతుంది.

పాలికార్బనేట్‌కు ఉన్న ఒకే బలహీనత గీతలు. మీరు మిల్లులో ఉన్నారు కనుక ఇది మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను: ఊక బూడిదలో అధిక భాగం సిలికా, అంటే ఇసుక జాతి పదార్థం. దాన్ని అంగీ అంచుతో పొడిగా తుడిచారంటే అద్దాన్ని గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు నీళ్ల కింద పట్టి కడిగి, ఆ తరువాతే మెత్తటి నూలు గుడ్డతో తుడవాలి. థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రావకం తగలనివ్వకూడదు.

ఖర్చు పెట్టలేని నెల అయితే మరో దారి ఉంది. హార్డ్‌వేర్ దుకాణాల్లో గ్రైండింగ్ పనివారు వాడే రంగు లేని రక్షణ అద్దాలు నూరు, నూటయాభై రూపాయలకు దొరుకుతాయి. కాడ మీద 'జెడ్ 87 ప్లస్' (Z87+) అని అచ్చు ఉంటే గట్టి దెబ్బల పరీక్షకు నిలిచే రకమని అర్థం. పవర్ అద్దాల మీద తొడుక్కునే పెద్ద సైజు కూడా ఉంటుంది. చూడటానికి అందంగా ఉండవు గానీ, మీ మిల్లులో గ్రైండింగ్ పనికి వచ్చే మనిషి పెట్టుకునేవి అవే కనుక ఎవరూ హీరో అనరు.

అద్దం ఉన్నా ఎప్పుడో ఒకసారి నలుసు పడుతుంది. అప్పుడు సైకిల్ ఆపండి, నలపకండి. బాటిల్‌లోని తాగే నీళ్లతో కంటిని తెరిచి కడగండి. పోకపోతే, లేదా పోయాక కూడా మర్నాటికి గుచ్చుకోవడం, వెలుతురు చూడలేకపోవడం ఉంటే ఆ రోజే కంటి డాక్టర్‌కు చూపించండి. పసరు, ఆముదం, తల్లిపాలు, నాలుక ఏదీ వద్దు, అడిగి తెచ్చుకున్న చుక్కలు అసలే వద్దు. 'గడ్డి తగిలింది' లేదా 'తాలు పడింది' అని డాక్టర్‌కు తప్పక చెప్పండి, ఆ ఒక్క మాట చికిత్స దారిని మారుస్తుంది. ముల్లు గుచ్చుకుని ఉంటే లాగకండి, కడగకండి. పైన కాగితం కప్పు బోర్లించి ఆసుపత్రికి పోవాలి. వాడపల్లి, దామరచర్ల వైపు సిమెంటు లారీల వెనక పోయేవారికి సిమెంటు పొడి పడితే, అది సున్నంలా కాలుస్తుంది కనుక దగ్గర దొరికిన నీళ్లతో కనీసం పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా కడిగాకే ఆసుపత్రికి బయలుదేరాలి.

మీ అమ్మాయి విషయం. పవర్ లేకపోయినా ఆమెకు రంగు లేని పాలికార్బనేట్ అద్దాలే, వెనక సాగే పట్టీతో. పెద్దల సైజు పెడితే బుగ్గల దగ్గర సందు పడి ప్రయోజనం ఉండదు కనుక ఆమెనే దుకాణానికి తీసుకుపోయి, పెట్టి, తల ఊపించి చూడండి. బడికి పోయే దారిలో బోర్డు మీద అక్షరాలు కనబడుతున్నాయా అని కూడా ఒకసారి అడగండి. తండ్రికి మైనస్ పవర్ ఉన్న పిల్లలకు ఈ వయసులోనే అది మొదలయ్యే అవకాశం ఎక్కువ. ఎటూ అద్దాలకు పోతున్నారు కాబట్టి అదే రోజు ఆమె చూపు కూడా పరీక్ష చేయిస్తే, పవర్ తేలిన పక్షంలో ఆ అద్దాలనే దానితో చేయించవచ్చు, రెండుసార్లు ఖర్చు ఉండదు.